కుమారి పేరుతో ఒక నెట్‌వర్క్

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగేది ఒకటే. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే కువైట్‌లో జీతం పెరుగుతుంది అని. నాకు తెలీదు. అక్కడి ఫహాహీల్‌లో ఒక కంప్యూటర్ షాపులో చేరిన నాటి నుంచి రాజంపేటకు తిరిగొచ్చేదాకా నేను ఏ సర్టిఫికెటూ లేకుండానే నెట్టుకొచ్చాను. నాకు పని నేర్పింది అనుమానం. మా ఆవిడ దాన్ని జబ్బు అంటుంది. కూరగాయల బండి దగ్గర తక్కెడ కిందికి కూడా వంగి చూస్తానని చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. చూస్తాను మరి. వయసంతా ఊళ్లోవాళ్ల ఇళ్లకు వెళ్లి, "మేమేమీ చేయలేదు, దానంతటదే పాడైంది" అన్న మాట వింటూ బతికినవాణ్ని. ఇంకెలా తయారవుతాను?

అనుమానానికి కూడా ఒక వరస ఉంటుంది. ముందు మెషీన్‌ని అనుమానించాలి. తర్వాత మనల్ని పిలిచినవాళ్లని. వాళ్లు వేలు పెట్టి చూపించిన మనిషిని చిట్టచివర. ఆ షాపులో మా మేనేజరు దీన్ని సరిగ్గా తలకిందులుగా నేర్పేవాడు. "కస్టమర్ ఎవరి పేరు చెబితే వాడే చెడగొట్టాడు, అంతే. నీకు తీర్పులు చెప్పే పని ఎవడిచ్చాడు?" అనేవాడు.

ఒకసారి జహ్రాలో ఒక ఇంటికి పంపాడు. డ్రైవర్ కంప్యూటర్ మీద నీళ్లు పోశాడట, అందుకే ఆగిపోతోందట. విప్పి చూస్తే లోపల నీటి జాడ లేదు, ఫ్యానంతా జిడ్డు మసి. ఆ ఇంటి ముసలమ్మ రోజూ బుఖూర్ పొగ వేసి, ఆ ధూపం గిన్నెను తెచ్చి కంప్యూటర్ పక్కనే పెట్టేది. మనవడి చదువుకు మంచిదని. పాపం డ్రైవర్ అప్పటికే సెలవు పోగొట్టుకున్నాడు. ముసలమ్మ మాత్రం నాకు ఖర్జూరాలు పెట్టింది.

రౌటర్ లేని నెట్‌వర్క్

ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్ద వ్యవహారం. అది అర్థం కావాలంటే ఒక పాత సంగతి తెలియాలి. ఇప్పటి పిల్లలు ఫోన్‌లో హాట్‌స్పాట్ నొక్కి పని కానిచ్చేస్తారు. మా రోజుల్లో లాప్‌టాప్‌కి లాప్‌టాప్‌ని నేరుగా కలిపేవాళ్లం. మధ్యలో రౌటర్ ఉండదు, వైరు ఉండదు. ఒక లాప్‌టాప్‌లో ఏదో ఒక పేరు పెట్టి నెట్‌వర్క్ తయారుచేస్తే, పక్కనున్న లాప్‌టాప్‌లు ఆ పేరు మీద నొక్కి అందులో చేరతాయి. యాడ్ హాక్ నెట్‌వర్క్ అనేవాళ్లం. మొదటి లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ కేబుల్ ఉంటే, ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి దాన్ని మిగతావాటికి పంచొచ్చు కూడా.

పెట్టడం తేలిక. తీసేయడమే ఎవరికీ గుర్తుండదు. ఆ కాలపు లాప్‌టాప్‌లకు ఒక పాడు అలవాటు ఉండేది. ఒక్కసారి అలాంటి నెట్‌వర్క్‌లో చేరితే చాలు, ఆ పేరును దాచుకునేవి. తర్వాత ఎప్పుడైనా తెలిసిన వైఫై ఏదీ అందకపోతే, అదే పేరు పెట్టుకుని తామే గాల్లో కేకేసేవి. అది చూసి, ఫ్రీ ఇంటర్నెట్టేమోనని ఇంకెవరో నొక్కేవారు. ఇక ఆ లాప్‌టాప్ కూడా మొదలుపెట్టేది. మొదట పెట్టినవాడు ఎక్కడో హాయిగా నిద్రపోతుంటాడు, పేరు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతుంటుంది.

మిష్రిఫ్ ఇల్లు

మిష్రిఫ్‌లో ఒక విల్లా నుంచి షాపుకి ఫోనొచ్చింది. లాప్‌టాప్‌ని ఎవరో హ్యాక్ చేశారట, వెంటనే మనిషి కావాలట. మేనేజరు నన్ను పంపాడు.

గేటు తీసింది ఆ ఇంటి పెద్దకొడుకు ఫహద్, కాలేజీ కుర్రాడు. గేటు పక్కనే దివానియా, అంటే మగవాళ్లు కూర్చునే గది. రోజూ సాయంత్రం అతని స్నేహితులు అక్కడే చేరతారని గుమ్మం బయటి చెప్పుల స్టాండు చూస్తేనే తెలుస్తోంది. అది దాటించి నన్ను లోపలి హాల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఆడపిల్లల స్కూల్లో టీచరు. బల్ల మీద ఆమె లాప్‌టాప్. వంటింటి గుమ్మంలో పనిమనిషి కుమారి. ముఖం చూడగానే మనవైపు మనిషని తెలిసిపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆ ఇంట్లో అందరూ ఆమెను మామా, అంటే అమ్మా, అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మామా సంగతి చెప్పింది. చెల్లెలి కూతురి పెళ్లి ఫోటోలు ఆ లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆడవాళ్ల వైపువి. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల హాలు వేరు, గుమ్మంలోనే ఫోన్లు తీసేసుకుంటారు. లోపల తలమీద గుడ్డ లేకుండా, నగలతో, తమ మధ్యే ఉన్నామన్న ధీమాతో ఉంటారు. ఇంటి మనిషి ఒకరే నమ్మకంగా ఫోటోలు తీస్తారు. అందులో ఒక ఫోటో ఎవరో బయటివాళ్ల ఫోన్‌లో కనిపించిందని మామా చెల్లెలికి కబురొచ్చింది. ఇలాంటిది ఆ కుటుంబాల్లో ఎంత దూరం పోతుందో అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

"చూడు మొహందిస్," అంటూ లాప్‌టాప్‌ని నా వైపు తిప్పింది. అక్కడ రెంచి పట్టుకున్న ప్రతివాడూ మొహందిసే, అంటే ఇంజనీరే. తెర మీద వైఫై పేర్ల వరస. పైన ఇంటి వైఫై. దాని కింద, ఎదురెదురుగా రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ. పక్కన పేరు: KUMARI.

"తన పేరు తనే రాసుకుంది. ఇంకేం కావాలి? నేనే దానికి ఫోన్‌లో వైఫై పెట్టిచ్చాను, కూతురితో మాట్లాడుకోమని. అందుకు ఇదా?"

కుమారి ఫోను అప్పటికే మామా హ్యాండ్‌బ్యాగులో ఉంది. "నువ్వు అవునని ఒక్కమాట చెప్పు. మా తమ్ముడొచ్చి దీన్ని మఖ్ఫర్‌కి తీసుకెళ్తాడు."

మఖ్ఫర్ అంటే పోలీసు స్టేషను. ఒక పనిమనిషి మీద ఇంటి యజమానురాలు ఇలాంటి కేసు పెడితే తర్వాత జరిగేది నాకు తెలుసు. వేలిముద్రలు, జైలు, అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా రద్దు, విమానం. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టే వీలుండదు. ఆ ఒక్కమాట నా నోట్లో ఉంది.

ఏక్ గ్లాస్ పానీ

నేను లాప్‌టాప్ ముందు కూర్చోగానే కుమారి గుమ్మం దగ్గర్నుంచే గబగబా తెలుగులో అందుకుంది.

"అన్నా, మీరు మన పక్కోల్లేనా? నాది చిట్వేలు తట్టన్నా. ఆ డబ్బాని నేను తుడ్సేదే గానీ ఏనాడూ తెర్సింది లేదు. నా బిడ్డ మీద ఒట్టు. మామాకు నువ్వన్నా చెప్పన్నా!"

మామా కళ్లు నా మీదికి తిరిగాయి. "ఏమంటోంది? నీకు ఆమె తెలుసా? మీ ఇద్దరిదీ ఒకే ఊరా?"

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. యజమాని ఇంట్లో, యజమానికి అర్థంకాని భాషలో, అనుమానంలో ఉన్న మనిషితో ఒక్క ముక్క మాట్లాడారా, మీరిద్దరూ ఒకటైపోతారు. ఆ తర్వాత మీరు ఎంత నిజం చెప్పినా అది చుట్టరికం కిందికే పోతుంది. నేను కుమారి వైపు చూడకుండా, మామాకు వినపడేలా, ఆమెకూ కాస్త అర్థమయ్యే హిందీలో అన్నాను.

"ఏక్ గ్లాస్ పానీ."

కుమారి లోపలికెళ్లింది. నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఇప్పుడైనా నేను అదే చేస్తాను, ఇంకో దారి లేదు. అయినా ఆ నీళ్లు సగమే తాగి గ్లాసు పక్కన పెట్టాను.

ఇంతలో మేనేజరు ఫోను. "ఏమైంది? ఇంకా అక్కడేనా? ఫార్మాట్ కొట్టి వచ్చేయ్. ఎవరు చేశారని వాళ్లు అనుకుంటున్నారో అదే అవునను. ఖలాస్!"

ఫోను పెట్టానో లేదో ఫహద్ నా భుజం దగ్గరికి వంగాడు. "ఆ పేరు తీసేయ్ మొహందిస్. మొత్తం ఫార్మాట్ చెయ్. మా అమ్మకి మనశ్శాంతి."

ఒకే సలహా ఇద్దరి నోట వచ్చింది. మేనేజరు తొందర నాకు కొత్త కాదు, అతనికి ఇంకో ఇంటి పని ఉంటుంది. ఈ కుర్రాడికి ఏం తొందర? తల్లి ఫోటోలన్నీ పోతాయని కూడా ఆలోచించడేం? నా జబ్బు నిద్రలేచింది. చెరిపేస్తే పేరు పోతుంది, నిజమే. అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే జాడ కూడా దాంతోనే పోతుంది. అప్పుడిక మిగిలేది కుమారి ఒక్కతే.

"ముందు చూడాలి. తర్వాతే తీయడం," అన్నాను.

డ్రైవర్ గది

"అయితే డ్రైవర్ దగ్గర కూడా చూడు. వాడికీ లాప్‌టాప్ ఉంది," అంది మామా.

డ్రైవర్ మల్లేశ్‌ది జగిత్యాల వైపు. ప్రహరీ గోడకు ఆనుకుని ఒక చిన్న గది. శుక్రవారం సంతలో కొన్న పాత లాప్‌టాప్‌ని మంచం మీద పెట్టుకుని సినిమాలు చూసుకుంటాడు. అతనికి మామా వైఫై పాస్‌వర్డ్ ఇవ్వలేదు. నేను తెరిచి, అది దాచుకున్న పేర్లు చూశాను. అందులోనూ KUMARI.

ఫహద్ వెంటనే పరుగున లోపలికెళ్లి తల్లికి చెప్పేశాడు. మామా గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడామె గొంతు వేరు. ఫోటోల సంగతి అటుంచి, డ్రైవరూ పనిమనిషీ కలిసి తన ఇంట్లో ఏదో నడుపుతున్నారని ఆమెకు ఖాయమైపోయింది. అక్కడ ఆ మాట ఫోటో దొంగతనం కంటే చెడ్డది. ఇద్దరికీ జైలే.

నేను హిందీలోనే అడుగుతున్నా, మల్లేశ్ తెలుగులోనే చెప్పుకొచ్చాడు.

"నేనేం జెయ్యలేదన్నా. ఒకనాడు గీ పేరు కనవడ్డది. మన కుమారక్క పేరున్నది గదా, ఫిరీ నెట్టేమో అని ఒత్తిన. నెట్టూ రాలే, ఏం రాలే. గంతే! నా పిల్లల తోడు."

నిజం చెప్పాలంటే నేనతన్ని నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? కుమారిని ఇరికించడానికి అతనే ఆ పేరు పెట్టి ఉండొచ్చు కదా. నిజంగా ఇద్దరూ కలిసి చేసి ఉండొచ్చు కూడా. ఏడ్చేవాళ్లంతా నిర్దోషులైతే నా పని ఎంత సులువయ్యేది! కానీ ఒక సంగతి నాకు మింగుడుపడలేదు. దొంగతనానికి వెళ్లేవాడు తన పేరు బోర్డు మీద రాసి మెడలో వేసుకుని వెళ్తాడా? పైగా ఇంటి వైఫై పాస్‌వర్డ్ లేని ఈ లాప్‌టాప్‌కి తెలిసిన వైఫై ఏదీ లేదు కాబట్టి, మూత తెరిచినప్పుడల్లా ఇదే ఆ పేరును కేకేస్తోంది. మామా హాల్లో చూసింది దీన్నే. ఇదీ ఎవరి దగ్గరో నేర్చుకుని ఉంటుంది కదా. ఎవరి దగ్గర?

నేలమాళిగలో

ఆ ఇంటికి సర్దాబ్ ఉంది. నేలమాళిగ. పాత సోఫాలు, బియ్యం బస్తాలు పెట్టుకునే చోటు. ఇంటి వైఫై అక్కడికి అందదు. ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌లన్నీ ఆపేసి, బ్యాటరీలు తీసి హాల్లో బల్ల మీద పెట్టమన్నాను. మల్లేశ్‌ది పెట్టాడు. ఫహద్ మాత్రం నసిగాడు. తన లాప్‌టాప్ కాలేజీ బ్యాగులో ఉందట, ఛార్జింగ్ లేదట, దానికీ దీనికీ సంబంధం లేదట.

"సంబంధం లేకపోతే పెట్టడానికేం?" అంది మామా. నేనొచ్చాక ఆమె నా వైపు మాట్లాడింది అదే మొదటిసారి. తెచ్చి పెట్టాడు.

అందరం కిందికి దిగాం. మామా, ఫహద్, కుమారి, మల్లేశ్, నేను. నా చేతిలో రెండే లాప్‌టాప్‌లు, మామాది ఒకటి, నేను సంచీలో తెచ్చిన షాపుది ఒకటి. షాపుదాన్ని తెరిచి మామా ముందు పెట్టాను. వైఫై పేర్ల చోట ఏమీ లేదు. తర్వాత మామా లాప్‌టాప్ ఆన్ చేశాను. అది తనకు తెలిసిన వైఫై కోసం కాసేపు వెతుక్కుంది. దొరకలేదు. షాపు లాప్‌టాప్ తెర మీద మెల్లగా ఒక పేరు తేలింది.

KUMARI.

మామా తలెత్తి కుమారి చేతుల వైపు చూసింది. ఖాళీ చేతులు. ఆమె ఫోను మామా బ్యాగులోనే ఉంది. నేను మామా లాప్‌టాప్ ఆపేశాను. పేరు పోయింది. మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ వచ్చింది.

"అంటే నేనే చేశానంటావా?"

"మీరు కాదు మేడమ్. ఈ లాప్‌టాప్ ఎప్పుడో ఒకరోజు ఆ పేరున్న నెట్‌వర్క్‌లో చేరింది. అప్పట్నుంచీ ఇదీ ఆ పేరే పలుకుతోంది. డ్రైవర్‌దీ అంతే."

"మొదట పెట్టిందెవరు?"

"ఇంటర్నెట్ కేబుల్ పెట్టుకుని మిగతావాళ్లకు పంచినవాళ్లు. వాళ్ల లాప్‌టాప్‌లో ఆ టిక్కు ఉంటుంది. ఈ రెంటిలోనూ అది లేదు."

ఇంకా చూడని లాప్‌టాప్ ఒకటే ఉంది. ఎవరి పేరూ నేను చెప్పలేదు. మామా కొడుకు వైపు తిరగలేదు కూడా. "పైకి పదండి," అంది.

హాల్లో ఫహద్ లాప్‌టాప్‌ని ఆమే స్వయంగా తెరిచింది. నేను చెప్పిన చోట నొక్కింది. టిక్కు ఉంది.

కుర్రాడు అప్పుడు నోరు విప్పాడు. దివానియాలో కేబుల్ మాత్రమే ఉంది, వైఫై అందదు. స్నేహితులంతా లాప్‌టాప్‌లతో వచ్చి ఆటలాడుకోవడానికి అతనే నెట్‌వర్క్ పెట్టాడు. పేరేం పెడదామంటే, అప్పుడే అందరూ చాయ్ కోసం "కుమారీ, కుమారీ" అని అరుస్తున్నారు. ఒకడు నవ్వుతూ అదే కొట్టేశాడు. ఒకరోజు స్నేహితుడి లాప్‌టాప్ పాడైతే తల్లి లాప్‌టాప్ తీసుకెళ్లి ఆడుకున్నారు. అంతే.

అంతేనా? మామా లాప్‌టాప్‌లో ఆ ఫోటోల ఫోల్డరు అదే నెట్‌వర్క్‌లో చేరిన పక్కవాళ్లందరికీ తెరిచి ఉండటం నేను అప్పటికే చూశాను. ఆ రోజు దివానియాలో ఎవరెవరున్నారో, ఎవరు ఏం చూశారో, ఏది ఎవరి ఫోన్‌లోకి వెళ్లిందో ఫహద్‌కి తెలిసే ఉంటుంది. కనీసం అనుమానమైనా ఉండి ఉంటుంది. లేకపోతే ఫార్మాట్ కోసం అంత ఆరాటమెందుకు? ఫోల్డరు తెరిచి ఉందని మాత్రం మామాకు చూపించాను. మిగతాది ఆమె నన్ను అడగలేదు. అడక్కపోవడంలోనే ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది.

"ఖలాస్," అంది. "తీసేయ్."

తీసేయడం

తీసేయడం ఎప్పుడూ యజమాని కళ్లముందే చేయాలి. మామాను పక్కన కూర్చోబెట్టుకుని, దాచిన పేర్లలోంచి KUMARI తీసేశాను. ఇక మీదట రౌటర్‌తో తప్ప వేరే లాప్‌టాప్‌తో నేరుగా కలవకుండా కట్టడి పెట్టాను. ఫోల్డరు మూసేశాను. మల్లేశ్ లాప్‌టాప్‌లోనూ, ఫహద్ దాంట్లోనూ అదే పని. అన్నీ ఒకేసారి తీయకపోతే మిగిలినదాని నుంచి మళ్లీ అంటుకుంటుంది.

ఆ తమ్ముడికి ఫోను పోలేదు. మఖ్ఫర్ మాట మళ్లీ రాలేదు. మల్లేశ్ కారు తుడుచుకోవడానికి వెళ్లిపోయాడు. నాకు ప్రాణం తెరిపిన పడింది. షాపుకెళ్తే మేనేజరు తిడతాడని తెలిసినా, ఈల వేసుకుంటూ సంచీ సర్దుకున్నాను.

మామా హ్యాండ్‌బ్యాగు తెరిచి ఫోను తీసి, వంటింటి గట్టు మీద పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది. తప్పయిందనలేదు. ఆమె చెడ్డ మనిషేం కాదు. పనిమనిషికి వైఫై ఇచ్చిన ఇళ్లు ఆ రోజుల్లో ఎన్నున్నాయని? కానీ ఆ పేరు చూసిన క్షణంలో ఆమె లాప్‌టాప్‌ని అనుమానించలేదు, కొడుకుని అనుమానించలేదు, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికే వెళ్లింది. నాకు కోపం వచ్చింది. చూపించే చోటు కాదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. కుమారి. చేతిలో ఫోను. పైన మామా గది కిటికీ తెరిచే ఉంది. కుమారి ఫోను నా ముందు పెట్టి, హిందీలో, కిటికీకి వినపడేంత గట్టిగా అంది.

"ఘర్ కా వైఫై నికాల్ దో."

ఇంటి వైఫై తన ఫోన్‌లోంచి తీసేయమంటోంది. ఇక ఇక్కడ భయమేముంది, పని అయిపోయింది కదా అనుకుని నేను గొంతు తగ్గించి తెలుగులో అన్నాను.

"ఎందుకమ్మా? అంతా తేలిపోయింది గదా. నీ తప్పేం లేదని ఆమే చూసింది. ఇది తీసేస్తే రోజూ పాపతో ఎట్ల మాట్లాడతావు?"

ఆమె నా ముఖంలోకి చూడలేదు. ఇందాక "అన్నా, మన పక్కోల్లేనా" అని పిలిచిన మనిషి, పైన కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్లీ హిందీలోనే జవాబిచ్చింది.

"నహీ చాహియే, భయ్యా. ఖలాస్."

తీసేశాను. ఆమె ఫోను అందుకుని, సరిగ్గా పోయిందో లేదో తెర మీద ఒకటికి రెండుసార్లు చూసుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.